బస్టాండుని ఊరి బయటికి మారిస్తే ఏం జరుగుతుంది? ఒక నిమిషాల లెక్క

2023 డిసెంబరు 30న చెన్నై శివార్లలోని కిలాంబాక్కంలో కొత్త బస్ టెర్మినల్ తెరిచారు. దక్షిణం వైపు జిల్లాలకు వెళ్లే బస్సులు అప్పటిదాకా కోయంబేడు నుంచి బయల్దేరేవి. కోయంబేడుదీ పెద్ద వయసేం కాదు. పాత బ్రాడ్‌వే బస్టాండు ఇరుకైపోయిందని 2002లో తెరిచిందే. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఊరు దాన్ని దాటుకుని చాలా దూరం వెళ్లిపోయింది. బస్టాండు మళ్లీ మూటాముల్లె సర్దుకోవాల్సి వచ్చింది, ఈసారి సుమారు 30 కిలోమీటర్ల అవతలికి. తెరిచిన రోజుకి పక్కన రైల్వే స్టేషన్ సిద్ధంగా లేదు. ప్రైవేటు బస్సులు కూడా అక్కణ్ణించే నడపాలన్న ఆదేశం మీద గొడవ 2024లో హైకోర్టు దాకా వెళ్లింది.

ఇలాంటి వార్త ఏ మహానగరం నుంచి వచ్చినా వాదన ఇంచుమించు ఒకేలా సాగుతుంది. "ఊళ్లో ట్రాఫిక్ తగ్గుతుంది కదా" అని ఒకరంటారు. "ఆ ట్రాఫిక్‌లో ఇప్పుడు బస్సుకి బదులు ఆటోలో కూర్చుంటాం, అంతేగా" అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఎవరిది ఎంత నిజమో తేలాలంటే ముందు టెర్మినల్ లోపల బస్సుకి ఏం జరుగుతుందో చూడాలి. ఎకరాల లెక్క అందరూ చెబుతారు గానీ, టెర్మినల్‌ని నడిపేది నిమిషాలు.

## అన్నీ బస్టాండే, కానీ పనులు వేరు

మాటల్లో మనం అన్నిటినీ బస్టాండు అనేస్తాం. స్టాప్ అంటే బస్సు కొన్ని సెకన్లు ఆగి పోయే చోటు. డిపో అంటే బస్సు ఇల్లు: రాత్రి నిద్ర, కడగడం, డీజిల్, టైర్లు, రిపేర్లు అన్నీ అక్కడే. టెర్మినల్ ఈ రెంటికీ మధ్యది. ఒక ట్రిప్పు అక్కడ ముగిసి, మరో ట్రిప్పు అక్కడే మొదలవుతుంది.

దూరప్రాంతాల బస్సుకి టెర్మినల్‌లో మూడు రకాల సమయం గడుస్తుంది. వచ్చినవాళ్లను దించడం ఒకటి. వెళ్లేవాళ్లను ఎక్కించుకోవడం రెండోది. ఈ రెంటి మధ్య ఖాళీగా నిలబడటం మూడోది, దాన్ని లేఓవర్ అంటారు. డ్రైవర్ నడుం వాల్చడానికి, ఆలస్యంగా వచ్చిన బస్సు తర్వాతి ట్రిప్పుకి టైముకి అందడానికి ఈ విరామం కావాలి. దీన్ని పూర్తిగా తీసేస్తే పొద్దున ఒక బస్సు అరగంట లేటైతే, ఆ అరగంట రాత్రిదాకా ప్రతి ట్రిప్పులోనూ వెంటాడుతుంది.

చిక్కేంటంటే దించడానికి ఐదారు నిమిషాలు చాలు, ఎక్కించడానికి పది పదిహేను చాలు, విరామం మాత్రం గంట దాకా పోవచ్చు. ఈ మూడూ ఒకే ప్లాట్‌ఫాం మీద జరిగితే ఎంత పెద్ద టెర్మినలైనా ఇరుకే అవుతుంది.

## అరవై ప్లాట్‌ఫాంలు ఉంటే గంటకు ఎన్ని బస్సులు?

ఒక ఊహా టెర్మినల్ తీసుకుందాం. 60 ప్లాట్‌ఫాంలు. ప్రతి బస్సూ ప్లాట్‌ఫాం మీద 20 నిమిషాలు నిలబడుతుంది. అది కదిలి బయటపడి, వెనకాల ఇంకోటి వచ్చి సర్దుకోవడానికి 5 నిమిషాలు. అంటే ఒక్కో బస్సు ఒక ప్లాట్‌ఫాంని 25 నిమిషాలు తినేస్తుంది. గంటకు ఒక ప్లాట్‌ఫాం 2.4 బస్సులను పంపగలదు. అరవైకి కలిపి 144.

పండగ ముందు రోజు సాయంత్రం గంటకు 200 బస్సులు పంపాల్సి వచ్చింది. ఇంకా ప్లాట్‌ఫాంలు కట్టాలంటే కొత్తగా 24 కావాలి. కట్టకుండా, ఒక్కో బస్సు తీసుకునే 25 నిమిషాలను 18కి తగ్గిస్తే? గంటకు ఒక ప్లాట్‌ఫాం నుంచి 3.33 బస్సులు, అరవైకి 200. ఏడు నిమిషాలు మిగిలితే 24 ప్లాట్‌ఫాంలు కట్టినట్టే.

మరి ఆ ఏడు నిమిషాలు ఎక్కడ పోతున్నాయి? నాలుగు పెట్టెలు పట్టే డిక్కీలో ఐదోది ఇరికించే దగ్గర. ఫోన్‌లో టికెట్ మెసేజ్ వెతుక్కుంటూ మెట్టు మీద నిలబడ్డ ఒక్క మనిషి దగ్గర. రిజర్వేషన్ లేని బస్సులో సీట్లు నిండేదాకా కండక్టర్ "ఇంకో రెండు నిమిషాలు" అనే దగ్గర. ఈ చివరిదాంట్లో కండక్టర్‌ని తప్పుపట్టలేం. సగం ఖాళీ బస్సుతో వెళ్తే కలెక్షన్ ఎందుకు తగ్గిందని అడిగేది అతన్నే. ఆగితే ఆ ప్లాట్‌ఫాం కోసం వెనకాల ఎదురుచూసే బస్సు సంగతి అతని ఖాతాలోకి రాదు. ముందే సీట్లు కేటాయించిన సర్వీసుల్లో ఈ సమస్య చాలావరకు పోతుంది. అందుకే రిజర్వేషన్ అనేది ప్రయాణికుడి సౌకర్యంతో పాటు టెర్మినల్ సామర్థ్యానికి కూడా సంబంధించిన విషయం.

విరామం లెక్క ఇంకా ఘోరంగా ఉంటుంది. 9 గంటలకు వచ్చి 10.15కి బయల్దేరే బస్సుని ఆ 75 నిమిషాలూ ప్లాట్‌ఫాం మీదే ఉంచితే మూడు బస్సుల వంతు అదొక్కటే మింగేస్తుంది. దాన్ని పక్కనున్న పార్కింగ్‌లో పెట్టి, బయల్దేరే ముందు మాత్రమే ప్లాట్‌ఫాంకి పిలవాలి. అయితే ఊరి నడిబొడ్డున ఆ పార్కింగ్‌కి స్థలం ఎక్కడిది?

## న్యూయార్క్, షింజుకు: ఒకే చిక్కు, రెండు దారులు

న్యూయార్క్ మన్‌హట్టన్‌లోని పోర్ట్ అథారిటీ బస్ టెర్మినల్ 1950లో తెరిచారు. ప్రపంచంలో అత్యంత రద్దీ బస్ టెర్మినళ్ల పేర్లు చెప్పాల్సి వస్తే మొదట వచ్చేది దీని పేరే. నది అవతల న్యూజెర్సీ నుంచి లింకన్ టన్నెల్ గుండా బస్సులు వస్తాయి. ఉదయంపూట ఎదురుగా వెళ్లే రోడ్డులో ఒక లేన్‌ని లాక్కుని బస్సులకే ఇచ్చే ఏర్పాటు 1970లో మొదలైంది. కరోనా ముందు రోజుల్లో ఉదయం నాలుగు గంటల్లో ఆ ఒక్క లేన్‌లో సుమారు 1,850 బస్సులు వచ్చేవి. సగటున ఎనిమిది సెకన్లకో బస్సు.

వచ్చాయి సరే, దించాక ఎక్కడుంటాయి? టెర్మినల్‌లో చోటు చాలదు. అందుకని చాలా బస్సులు ఖాళీగా టన్నెల్ దాటి వెనక్కి పోతాయి, సాయంత్రం మళ్లీ ఖాళీగా వస్తాయి. మనుషుల్ని మోసింది రెండు ట్రిప్పులే, టన్నెల్ దాటింది నాలుగుసార్లు. టెర్మినల్‌ని నదికి అవతలే కట్టేద్దామన్న ఆలోచన కూడా ఒక దశలో నడిచింది. చివరికి పాత చోటే ఖాయమైంది. 2025లో కొత్త టెర్మినల్ పనులు మొదలుపెట్టినప్పుడు ముందుగా చేపట్టింది ప్రధాన భవనాన్ని కాదు, బస్సులు ఆగి ఎదురుచూసే భవనాన్ని. పాత టెర్మినల్‌ని కూల్చి మళ్లీ కట్టేదాకా తాత్కాలిక టెర్మినల్‌గా పనిచేసేది కూడా అదే. పార్కింగ్ అనేది చివర్లో చూసుకునే పని అనుకునేవాళ్లు ఈ వరుసని ఒకసారి గమనించాలి.

టోక్యోలో షింజుకు స్టేషన్ చుట్టూ దూరప్రాంతాల బస్సులు 19 వేర్వేరు చోట్ల ఆగేవి. 2016 ఏప్రిల్‌లో వాటన్నిటినీ రైలు పట్టాల మీద కట్టిన ఒకే టెర్మినల్‌లోకి తెచ్చారు. దిగేది మూడో అంతస్తులో, ఎక్కేది నాలుగో అంతస్తులో. ఎక్కే చోట్లు పన్నెండే. రోజుకు వెయ్యికి పైగా బస్సులు ఆ కొద్ది చోట్లలోనే సర్దుకుంటాయి. బస్సు టైముకి రావాలి, మనుషుల్ని ఎక్కించుకోవాలి, పోవాలి. విశ్రాంతి తీసుకోవాలనుకుంటే ఇంకెక్కడైనా. లండన్ విక్టోరియా కోచ్ స్టేషన్‌లో కూడా దిగే భవనం రోడ్డుకి ఒకవైపు, ఎక్కే భవనం మరోవైపు ఉంటాయి. మూడు పనుల్నీ విడదీయగలిగితే చిన్న చోటు కూడా సరిపోతుంది. అయితే బస్సులన్నీ గడియారం పట్టుకుని నడిచే చోట్లే అది కుదురుతుంది.

## ముక్కు లోపలికి, తోక బయటికి

ప్లాట్‌ఫాం ఆకారం కూడా నిమిషాలను తింటుంది. బాగా కనిపించే ఆకారం ఏటవాలుగా ముక్కు లోపలికి పెట్టేది. తక్కువ పొడవులో ఎక్కువ బస్సులు పడతాయి, ప్రయాణికులు రోడ్డు దాటే పని లేదు. దీని ధర బయటికి వెళ్లేటప్పుడు తెలుస్తుంది.

ఒక్కసారి దగ్గర్నుంచి చూడండి. బస్సు రివర్స్ పడింది. కండక్టర్ వెనక నిలబడి అరచేత్తో బాడీ మీద రెండు దెబ్బలు వేసి "రానీ, రానీ" అంటున్నాడు. డ్రైవర్‌కి అద్దంలో కనిపించేది పక్క బస్సు పక్కటెముకలు మాత్రమే. సరిగ్గా ఆ సందులోంచే ట్రాలీ సూట్‌కేసు లాక్కుంటూ ఒకాయన అడ్డం వచ్చాడు. దెబ్బల చప్పుడు మారింది, ఒకటే గట్టి దెబ్బ. బస్సు ఆగింది. వెనక రోడ్డులో లోపలికొస్తున్న ఇంకో రెండు బస్సులు కూడా ఆగాయి, వాటి వెనక మూడోది హారన్ మొదలుపెట్టింది. బస్సు కదిలింది పన్నెండు అడుగులు, ఆగిపోయింది మొత్తం దారి.

రంపపు పళ్లలా మలిచిన ప్లాట్‌ఫాం అయితే బస్సు ఒక పన్ను దగ్గర ఆగి, ముందున్న బస్సుతో సంబంధం లేకుండా ముందుకే వెళ్లిపోతుంది. రివర్స్ పని లేదు, కానీ ఎక్కువ పొడవు కావాలి. తిన్నగా వరుసలో నిలబెట్టే పద్ధతి కట్టడానికి తేలిక. దాంట్లో ముందు బస్సు కదలకపోతే వెనకదానికి ఎక్కించడం అయిపోయినా దారి ఉండదు. అందుకే అది తక్కువసేపు ఆగే సిటీ బస్సులకు నప్పుతుంది. ముక్కు లోపలికి పెట్టే పద్ధతి ఎక్కువసేపు ఆగే దూరం బస్సులకు నప్పుతుంది. రెంటినీ తారుమారు చేసి కట్టిన చోట జీవితాంతం విజిళ్లే.

భవనం ఎంత పెద్దదన్నది దీని తర్వాతి మాట. టెల్ అవీవ్‌లో 1967లో పని మొదలుపెట్టి 1993లో తెరిచిన సెంట్రల్ బస్ స్టేషన్ ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పెద్దదని పేరు తెచ్చుకుంది. దారి తప్పిపోయే భవనంగా కూడా దానికి అంతే పేరుంది.

## ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాంకి?

ఇక్కడ నిజమైన అభిప్రాయ భేదం ఉంది. ఒక్కో ఊరికీ ఒక ప్లాట్‌ఫాం రాసిపెట్టాలా? లేక ఏది ఖాళీ ఉంటే దానికి బస్సుని పంపాలా?

లెక్క రెండోదాని వైపే ఉంది. ముందు మొదటి పద్ధతి చూద్దాం: ఒక ప్లాట్‌ఫాం, ఒక ఊరు. బస్సుకి సగటున 12 నిమిషాలు పడుతుంది. బస్సులు ఏ క్షణాన వస్తాయో చెప్పలేం, పట్టే సమయం కూడా ఒక్కో బస్సుకి ఒక్కోలా ఉంటుంది. క్యూల గణితం ప్రకారం ఆ ప్లాట్‌ఫాం రోజులో సగం సమయం నిండి ఉంటే వచ్చే బస్సు సగటున 12 నిమిషాలు వేచి ఉండాలి. 80 శాతం నిండితే 48 నిమిషాలు. 90 శాతానికి చేరితే 108. నిండటం ఎనభై నుంచి తొంభైకి పెరిగితే, ఎదురుచూపు రెట్టింపు దాటింది. పండగ రోజున టెర్మినల్ కొద్దికొద్దిగా కాకుండా ఒక్కసారిగా కుప్పకూలినట్టు అనిపించేది ఇందుకే. నిజం టెర్మినల్‌లో టైం టేబుల్ ఉంటుంది కాబట్టి అంకెలు ఇంత భయంకరంగా ఉండవు, పెరిగే తీరు మాత్రం ఇదే.

ఇప్పుడు రెండు ఊళ్లకు రెండు ప్లాట్‌ఫాంలు ఉమ్మడిగా ఇద్దాం. అదే 80 శాతం రద్దీ. ఎదురుచూపు 48 నుంచి 21 నిమిషాలకు పడిపోతుంది. ఒక్క ఇటుక కూడా పేర్చలేదు. ఒక ఊరి బస్సులు మూడు ఒకేసారి వచ్చి పడ్డప్పుడు పక్క ప్లాట్‌ఫాం ఖాళీగా చూస్తూ కూర్చోవడం మానేసింది, అంతే.

మరి అందరూ అలా ఎందుకు చేయరు? రెండోవైపు వాదన ఇది: బస్సు టెర్మినల్ విమానాశ్రయం కాదు. విమానం ఎక్కేవాళ్లు రెండు గంటల ముందే వచ్చి బోర్డు చూస్తూ కూర్చుంటారు. బస్సు ఎక్కేవాళ్లు బయల్దేరే ముందు పరుగున వస్తారు, చాలామందికి ఒక ప్రత్యేకమైన బస్సు కూడా అక్కర్లేదు, ఆ ఊరికి వెళ్లే ఏదో ఒక బస్సు చాలు. "మా ఊరి బస్సు ఫలానా నంబర్ దగ్గర" అన్న జ్ఞాపకమే వాళ్లకు దారి చూపించే బోర్డు. చదవలేనివాళ్లకు, చంకలో పిల్లనీ చేతిలో సంచినీ పట్టుకున్నవాళ్లకు చివరి నిమిషంలో "ప్లాట్‌ఫాం మారింది" అన్న మైకు అనౌన్స్‌మెంట్ శిక్షే. అందులోనూ ఆ మైకు సగం మాటలు వినిపించి సగం మింగేసే రకం అయితే చెప్పక్కర్లేదు.

పనికొచ్చే మధ్యేమార్గం దిక్కుని బట్టి గుంపులు కట్టడం. తూర్పు వైపు ఊళ్లన్నిటికీ కలిపి పక్కపక్కనే ఎనిమిది ప్లాట్‌ఫాంలు ఇచ్చి, వాటిలో ఏదైనా వాడుకోనివ్వాలి. మనిషి ఆ మూలకి చేరితే చాలు, మిగతా పది అడుగులు కళ్లతోనే దొరుకుతాయి. ఉమ్మడి లాభంలో ఎక్కువ భాగం ఇందులోనే వచ్చేస్తుంది.

## బయటికి మార్చితే: బస్సు వైపు లెక్క

ఇప్పుడు మొదటి గొడవకి వద్దాం. ఊరి అంచు నుంచి నడిబొడ్డుకి 20 కిలోమీటర్లు, రద్దీలో గంట ప్రయాణం అనుకుందాం. ఇక్కణ్ణించి వేసే లెక్కల్లోని అంకెలన్నీ ఉదాహరణకి వేసుకున్నవే, మీ నగరానికి మీ అంకెలు వేసి చూసుకోవచ్చు.

ఒక సర్వీసు నగరం దాటాక ఆరు గంటలు నడుస్తుంది. నడిబొడ్డు నుంచి బయల్దేరితే ఒకవైపు ఏడు గంటలు. రెండు చివర్లా గంట చొప్పున విరామం. ఒక బస్సు వెళ్లి, వచ్చి, మళ్లీ బయల్దేరడానికి 16 గంటలు. గంటకో బస్సు నడపాలంటే 16 బస్సులు కావాలి. టెర్మినల్ అంచుకి పోతే చుట్టు 14 గంటలు, 14 బస్సులు చాలు. రెండు బస్సులు, వాటి సిబ్బంది, ఊళ్లో ఫస్ట్ గేర్‌లో కాలే డీజిల్ మిగిలాయి. సంస్థలు తరలింపుని ఇష్టపడటంలో వింత లేదు. పైగా అంచున స్థలం దొరుకుతుంది, విరామానికి పార్కింగ్ దొరుకుతుంది, రివర్స్ అక్కర్లేని ప్లాట్‌ఫాంలు కట్టుకోవచ్చు. కిలాంబాక్కం విస్తీర్ణం సుమారు 88 ఎకరాలు. నడిబొడ్డున అంత చోటు అడిగితే నవ్వుతారు.

## ప్రయాణికుడి వైపు లెక్క

అదే గంటని ఇప్పుడు ప్రయాణికుడి వైపు నుంచి చూద్దాం. పాత పద్ధతిలో అంచు నుంచి నడిబొడ్డుకి బస్సులోనే 60 నిమిషాలు, అక్కణ్ణించి ఇంటికి 25. మొత్తం 85.

కొత్త టెర్మినల్ పక్కనే మెట్రో ఉందనుకుందాం. సామానుతో నడక, లిఫ్టు 8 నిమిషాలు, ఎదురుచూపు 5, మెట్రోలో 40, చివర్న ఇంటికి 10. మొత్తం 63. మారినందుకు ప్రయాణికుడికి కూడా 22 నిమిషాల లాభం. మెట్రో లేదు, సిటీ బస్సే దిక్కు: నడక 10, ఎదురుచూపు 15, బస్సులో 65, చివర్న 15. మొత్తం 105. ఇరవై నిమిషాల నష్టం, పైగా ఒక టికెట్ ఎక్కువ, పెట్టెలు ఇంకోసారి ఎక్కించి దించడం.

అందరికీ ఒకే లెక్క కూడా కాదు. అంచుకి దగ్గర్లో కాపురముండే వాళ్లకు ఇది వరం, ఒకప్పుడు వాళ్లు నడిబొడ్డు దాకా వచ్చి మళ్లీ వెనక్కి పోయేవాళ్లు. ఊరికి అవతలి చివర ఉన్నవాళ్లకే దెబ్బ. నగరం నాలుగు వైపులా ఎదిగేకొద్దీ మొదటి రకం వాళ్లు పెరుగుతారు. తరలింపు సమర్థకుల వాదనల్లో నాకు బలంగా కనిపించేది ఇదే, వాళ్లు మాత్రం ఎందుకో దీన్ని గట్టిగా చెప్పరు.

## రోడ్డు వైపు లెక్క, ఇక్కడే తిరకాసు

"ట్రాఫిక్ తగ్గుతుంది" అన్న మాటని పరీక్షిద్దాం. రోడ్డు మీద బస్సు సుమారు మూడు కార్ల చోటు తీసుకుంటుందని లెక్క వేస్తారు. 40 మందితో 20 కిలోమీటర్లు లోపలికి వస్తే 60 కారు-కిలోమీటర్లు (ఒక కారు ఒక కిలోమీటరు నడిస్తే ఒకటి). నడిబొడ్డున దిగిన వాళ్లలో 16 మంది పది క్యాబుల్లో తలా 5 కిలోమీటర్లు వెళ్తే 50. మిగతా 24 మంది నడిచో, దగ్గర్లోని స్టాపుల్లో వచ్చే బస్సులెక్కో పోయారనుకుని వాళ్లని వదిలేద్దాం. మొత్తం 110.

టెర్మినల్ అంచుకి పోయింది. మెట్రో లేదు. అదే 16 మంది, అవే పది క్యాబులు, ఇప్పుడు తలా 18 కిలోమీటర్లు: 180. మిగతా 24 మంది ఎక్కిన సిటీ బస్సుల వాటా, మనిషికి ఒక కారు-కిలోమీటరు చొప్పున, 24. మొత్తం 204. రోడ్డు మీద భారం రెట్టింపుకి దగ్గరైంది. మూడు కార్లంత బస్సు ఒకటి మాయమై, పది క్యాబులు ప్రత్యక్షమయ్యాయి.

మెట్రో ఉంటే? 34 మంది మెట్రో ఎక్కారు, మిగిలిన ఆరుగురు నాలుగు క్యాబుల్లో 18 కిలోమీటర్లు: 72. ఇది 110 కంటే తక్కువ. తరలింపు పనిచేసింది.

అంటే "బయటికి మార్చితే ట్రాఫిక్ తగ్గుతుందా" అన్న ప్రశ్నకి సమాధానం టెర్మినల్ దగ్గర దొరకదు. దాని పక్కన పట్టాలు ఉన్నాయా, లేవా అన్నదాంట్లో ఉంది. టెర్మినల్ ముందు, రైలు తర్వాత అన్న వరుసలో కడితే మధ్య ఏళ్లలో జనం క్యాబులకు అలవాటు పడిపోతారు. ఆ అలవాటుని రైలు వచ్చాక మాన్పించడం ఇంకో పని.

## తెల్లవారుజాము 4.20

దూరం బస్సుకి ఒక గుణం ఉంది: అది ఎక్కువగా రాత్రి తిరిగే జీవి. సాయంత్రం ఎక్కి, నిద్రపోయి, తెల్లవారుతుండగా దిగాలన్నదే చాలామంది ప్లాన్. మెట్రోలేమో చాలా నగరాల్లో రాత్రి పడుకుని పొద్దున ఐదున్నరకో, ఆరుకో లేస్తాయి. 4.20కి అంచున దిగినవాడికి పైన వేసుకున్న 63 నిమిషాల లెక్క వర్తించదు. మొదటి రైలు కోసం గంటన్నర కూర్చోవాలి, లేదా క్యాబ్ వాడు చెప్పిన రేటుకి తలూపాలి. ఒంటరిగా వచ్చిన ఆడపిల్లకి ఇది రేటుతో ఆగే విషయం కూడా కాదు.

అదే సమయంలో రోడ్లన్నీ ఖాళీ. పగలు గంట పట్టే ఆ 20 కిలోమీటర్లు అప్పుడు బస్సుకి అరగంట కూడా పట్టదు. తరలింపు వల్ల లాభం ఏ వేళ అతి తక్కువో, ప్రయాణికుడికి కష్టం సరిగ్గా ఆ వేళే అతి ఎక్కువ. రాత్రి బస్సులను మాత్రం లోపలికి రానివ్వాలన్న సూచన ఇక్కణ్ణించే వస్తుంది. దానికి అడ్డుచెప్పేవాళ్ల మాటలోనూ పస ఉంది: రెండు చోట్లా కౌంటర్లు, రెండు చోట్లా సిబ్బంది, "నా బస్సు ఎక్కడ" అన్న గందరగోళం రోజూ. అయినా 4.20 బస్సు దిగినవాణ్ని అడిగితే ఆ గందరగోళమే నయమంటాడు.

## ఒకటికి బదులు నాలుగు

మెక్సికో సిటీ ఇంకో దారి పట్టింది. నాలుగు దిక్కులకూ నాలుగు టెర్మినళ్లు. ఉత్తరం టెర్మినల్ 1973లో, తూర్పుది 1978లో తెరిచారు. దక్షిణం, పడమర వైపు మరో రెండు. ఉత్తరం ఊళ్లకు వెళ్లే బస్సు నగరాన్ని అడ్డంగా చీల్చుకుంటూ పోవాల్సిన పని లేదు. ముఖ్యమైన సంగతి ఏంటంటే నాలుగింటి పక్కనా మెట్రో స్టేషన్ ఉంది.

దీనికీ మూల్యం ఉంది. ఉత్తరం నుంచి వచ్చి దక్షిణం వెళ్లేవాళ్లు ఒకే ప్రాంగణంలో బస్సు మారలేరు, సామానుతో నగరం మొత్తం దాటాలి. అలాంటివాళ్లు కొద్దిమందే అయితే ఇబ్బంది లేదు. నగరం తానే గమ్యం కాకుండా పెద్ద జంక్షన్‌గా కూడా ఉంటే, ఒకే చోటున్న టెర్మినల్ వాళ్ల పాలిట దేవుడు.

ఒకే చోట అన్నీ పెట్టుకోవడంలో ఇంకో రకం ప్రమాదం కూడా ఉంది. హైదరాబాద్ మహాత్మా గాంధీ బస్ స్టేషన్ మూసీ నది పాయల మధ్య కట్టిన టెర్మినల్. 2025 సెప్టెంబరులో వరద నీళ్లు ప్రాంగణంలోకి వచ్చినప్పుడు ప్రయాణికులను బయటికి తరలించాల్సి వచ్చింది, బస్సులను నగరంలో వేరే చోట్ల నుంచి నడిపారు. అంటే ఆ కొద్ది సమయం నగరం తనకు తెలియకుండానే మెక్సికో పద్ధతిలో నడిచింది.

## నంబర్ లేని ప్లాట్‌ఫాం

తరలింపు కాగితాల్లో ఎక్కడా కనిపించని టెర్మినల్ ఒకటి ప్రతి పెద్ద నగరంలోనూ ఉంటుంది. అధికారిక టెర్మినల్ ఎంత దూరం పోతే అది అంత బలపడుతుంది. అంచున పది మందితో బయల్దేరిన బస్సు, ప్రయాణికులకు అనువుగా ఉండే ఏదో ఫ్లైఓవర్ కింద, ఎడమ ఇండికేటర్ వేసుకుని ఆగుతుంది. దీన్ని బోర్డింగ్ పాయింట్ అంటారు. టికెట్ మీద టైం కూడా ఉంటుంది. కప్పు లేదు, బెంచీ లేదు, మరుగుదొడ్డి లేదు, మైకు లేదు. సూట్‌కేసుల మీద కూర్చున్న ఓ పాతిక మంది, వచ్చే ప్రతి బస్సు అద్దంలోకీ తొంగిచూస్తూ ఉంటారు.

నగరపాలక సంస్థ దీన్ని రోడ్డు ఆక్రమణ అంటుంది. ఒక లేన్ పూర్తిగా మూసుకుపోతుంది కాబట్టి అది నిజమే. బస్సు యజమాని ప్రయాణికుడి అవసరం అంటాడు, అదీ నిజమే. కొన్ని చోట్ల జరిమానాలు వేస్తారు, బస్సు అర కిలోమీటర్ ముందుకి జరుగుతుంది. టెర్మినల్ ఎక్కడుండాలో సర్వే చేసేవాళ్లు నెల రోజుల పాటు సాయంత్రం ఏడు నుంచి పది దాకా ఈ ఫ్లైఓవర్ల కింద ఎంతమంది నిలబడుతున్నారో లెక్కపెడితే, ప్రయాణికులు ఇప్పటికే వేసిన ఓట్లు దొరుకుతాయి.

అక్కడ ఇప్పుడు కూడా ఒక బస్సు ఆగి ఉంటుంది. ఇంజిన్ ఆపలేదు. క్లీనర్ ఫుట్‌బోర్డు మీద నిలబడి ఫోన్‌లో "పిల్లర్ నంబర్ ఎంత కనిపిస్తోందో చెప్పండి సార్" అని అడుగుతున్నాడు. వెనక సిటీ బస్సు హారన్ మీద చెయ్యి తీయడం లేదు.